మీటరు వెనక సాకెట్టు

కారు ఎవరిదో తెలియదు, ఏ కంపెనీదో కూడా తెలియదు, కానీ డ్యాష్‌బోర్డు సగం ఊడి నా ఒళ్ళోకి వంగి ఉంది, దాని వెనక నుంచి రంగురంగుల వైర్లు జారుతున్నాయి, నేను డ్రైవరు సీటులో కూర్చుని ఆ వైర్ల చివరున్న ఒక్కో సాకెట్టూ విప్పుతున్నాను, మా అన్న దైవసహాయం తెరిచిన డోరు పక్కన నిలబడి చూస్తున్నాడు. అన్న పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు. తెలిసినా ఆశ్చర్యం లేదు, బ్యాటరీ వైరు తీశానో లేదో అడుగుతాడేమోనన్న భయం మాత్రం ఉంది.

"బ్యాటరీ తీశావా రూతూ?" అంటాడు, అనుకున్నట్టే.

"తీశాన్లే అన్నా."

"తీశాన్లే కాదు, చూసి చెప్పు."

చూద్దామని తల ఎత్తితే బానెట్టు ఉండాల్సిన చోట బానెట్టు లేదు, ఆటోనగర్‌లో మా కారు వైరింగు షెడ్డు ఉంది, రేకుల మీద వాన దబదబా పడుతోంది, లోపల పంతొమ్మిదేళ్ళ నేనే స్టూలు మీద కూర్చుని ఒక పాత సాకెట్టుని వైర్లు పట్టుకుని గుంజుతున్నాను, జుట్టు ఇంకా నల్లగా ఉన్న అన్న వచ్చి నాకో మొట్టికాయ వేస్తున్నాడు.

"వైరు పట్టుకు లాగితే వైరే వస్తది. మనిషిని పిలవాలంటే జుట్టు పట్టుకు లాగుతావా? దాని ఒళ్ళు పట్టుకో. ముందు లోపలికి నెట్టు, లాకు వదులవుద్ది. అప్పుడు నొక్కి తియ్యి."

లోపలికి నెడతాను, నొక్కుతాను, టక్‌మని ఊడి వస్తుంది, అంత చిన్న చప్పుడుకి అంత సంతోషం ఎక్కడి నుంచి వచ్చేదో ఆ రోజుల్లో. అన్న చెయ్యి రోకలిబండ, డ్యాష్‌బోర్డు సందుల్లో దూరేది కాదు, నా చెయ్యి సన్నం కాబట్టే నన్ను పనిలోకి తెచ్చాడు. ఆడపిల్లని కార్లలో దూర్చావేంటయ్యా అని చుట్టుపక్కల షెడ్లవాళ్ళు నవ్వితే, "మా చెల్లి చెయ్యి దూరే చోట మీ బుర్రలు కూడా దూరవులే" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇరవై ఆరేళ్ళు పనిచేశాను నేను. ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుని, నాకే ఎక్కువ వచ్చింది నువ్వు తీసుకో, కాదు నాకే ఎక్కువ వచ్చిందని పోట్లాడుకుంటూ, ఎంత బాగా బతికామో.

వాన ఆగదు గానీ తడి ఎక్కడా లేదు, నేను మళ్ళీ డ్రైవరు సీటులోనే ఉన్నాను, రేడియో సాకెట్టు ఊడింది, ఏసీది ఊడింది, స్పీడు మీటరు వెనకది మాత్రం రావడం లేదు. నెట్టాను, నొక్కాను, గోరు విరిగింది. అది ఊడితే తప్ప డ్యాష్‌బోర్డు బయటికి రాదు.

"అన్నా, రావట్లేదు," అంటాను.

తల తిప్పి చూస్తే అన్న డోరు పక్కన లేడు, షెడ్డు గుమ్మం దగ్గర ఉన్నాడు. మళ్ళీ సాకెట్టు వైపు తిరిగి మళ్ళీ చూస్తే రోడ్డుకి అవతల టీకొట్టు ముందు ఉన్నాడు. ఇంకోసారి చూస్తే రోడ్డే కృష్ణ కాలవంత వెడల్పైపోయింది, అన్న అవతలి గట్టు మీద తెల్ల చొక్కాలో కనిపిస్తున్నాడు, గొంతు మాత్రం నా చెవి పక్కనే వినిపిస్తోంది.

"నువ్వేగా పక్కకి తప్పుకోమన్నావు. ఇంకెంత దూరం తప్పుకోవాలో చెప్పు."

కోపంగా అనలేదు. బండి వెనక్కి తీసేటప్పుడు ఇంకా రానా అని అడిగినట్టు అడిగాడు.

అన్నాను, నిజమే. జబ్బు చేశాక అన్న చేతులు వణికేవి. ఒక రోజు ఒక లాయరు గారి కారు మీటరు విప్పుతుంటే, ఆయన నిలబడి చూస్తుండగానే, "వైర్లు తెంపేస్తావు, పక్కకి తప్పుకో" అని అన్న చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నాను. అన్న గుడ్డతో చేతులు తుడుచుకుని, వేలు వేలూ శుభ్రంగా తుడుచుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ షెడ్డుకి రాలేదు. పంతొమ్మిది రోజులకి పోయాడు.

"తప్పైపోయింది అన్నా," అంటాను కాలవ మీదుగా. "కస్టమరు ముందు షెడ్డు పరువు పోద్దని భయపడ్డా. నీ పరువు గుర్తు రాలేదు. రోజూ సాయంత్రం మీ ఇంటికి వచ్చి కూర్చున్నా గానీ ఒక్కనాడూ నోరు పెగల్లేదు."

"నాకు మాత్రం పెగిలిందా? నువ్వెళ్ళాక మీ వదిన మీద ఎగిరేవాణ్ణి, కాఫీలో పంచదార తక్కువైందని." నవ్వుతున్నాడు. "అదేమో, ఇంత వేశానుగా అని పంచదార డబ్బా తెచ్చి చూపించేది."

నవ్వొస్తోంది నాకు, ఏడుపూ వస్తోంది, రెండూ కలిసి ముక్కులోంచి కారుతున్నాయి. "రా అన్నా. నా వల్ల కావట్లేదు. నువ్వొచ్చి తియ్యి," అని గేరు రాడ్డు మీదుగా కాలు వేసి పక్క సీటులోకి జరుగుతాను. కాలవ ఎటు పోయిందో పోయింది, అన్న డ్రైవరు సీటులో కూర్చుని ఉన్నాడు, సీటు కొంచెం వెనక్కి జరుపుకుంటున్నాడు, మీటరు వెనకకి చెయ్యి పోనిస్తున్నాడు, ముంజేయి దాకా దూరిపోయింది.

"ఇప్పుడు దూరుతుందే నా చెయ్యి," అంటాడు ఆశ్చర్యంగా. ఎంత చిక్కిపోయాడో నేను అప్పుడు చూస్తాను.

లోపల ఆ చెయ్యి వణుకుతోంది, దానితో పాటు సాకెట్టూ అటూ ఇటూ కదులుతోంది, ఏళ్ళ నాటి దుమ్ము సన్నగా రాలుతోంది.

"మొండిదానికి బలం పనికిరాదే. కుదుపు కావాలి. మెల్లగా, అటో పిసరు, ఇటో పిసరు. చూశావా, వణికే చెయ్యి కూడా పనికొచ్చింది."

"పనికొచ్చిద్ది అన్నా. రేపు కూడా రా," అంటాను. అన్న పని మీద ఉన్నాడు, నేను ఊపిరి బిగబట్టి ఆ టక్ కోసం వింటున్నాను.

"చెల్లెమ్మా! మూడు దాటింది, లే!"

పక్క షెడ్డు పెయింటర్ మస్తాన్ భాయ్ అద్దం మీద కొడుతున్నాడు. అన్నం తిని, పొద్దున్నించి డ్యాష్‌బోర్డు విప్పుతున్న కారులోనే, డ్రైవరు సీటులో కునుకు తీసినదాన్ని, పక్క సీటులో డోరుకి అతుక్కుపోయి ఉన్నాను. గేరు రాడ్డు తగిలిందో ఏమో, మోకాలి కింద కమిలిపోయి నొప్పి పెడుతోంది.

"అంత సీటు వదిలేసి అంత అంచుకి నక్కావేంటి?" అన్నాడు భాయ్.

కమిలిన చోట రుద్దుకున్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. మీటరు వెనక సాకెట్టు ఇంకా ఊడలేదు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటులోకి జరగబుద్ధి కాలేదు నాకు. పక్క సీటులోంచే ఒళ్ళు వంచి చెయ్యి చాపి, దాన్ని మెల్లగా కదపడం మొదలుపెట్టాను.