పడుకోబెట్టిన గాలం

పెళ్లయిన పదకొండో రోజున నా భర్త వేళ్లు విరిగిన చప్పుడు విన్నాను. ఎండుపుల్లలు విరిగినట్టు ఉంటుందనుకునేదాన్ని. కాదు, పచ్చి క్యారెట్ కొరికినట్టు ఉంటుంది.

అంతకు గంట ముందు దాకా నా జీవితంలో అంత మంచి రోజు లేదు. సెప్టెంబరు ముప్పై. ఓవెన్‌క్రాన్‌ నదిలో గాలం వెయ్యడానికి ఆ ఏటికి అదే ఆఖరు రోజు. రెండు రోజుల వాన తర్వాత వరద తీసి, నీళ్లు పాలు పోయని టీ రంగుకు వచ్చాయి. ఇంత చిన్న నదిలో సాల్మన్ చేపలు వరద వెంటే సముద్రంలోంచి ఎక్కివస్తాయి. నీరు తగ్గుతున్న ఆ నాలుగైదు గంటల్లోనే అవి ఈకలతో కట్టిన ఎరను పట్టించుకుంటాయి. అందుకని నా భర్త మాలకీ పొద్దున్నే వెళ్లిపోయాడు. నేను సోడా రొట్టె కాల్చాను. మధ్యలో పచ్చిగా ఉన్నా నా చేత్తో చేసిన మొదటి రొట్టె. మందంగా వెన్న రాసి, గుడ్డలో చుట్టి, కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని బయలుదేరాను. నా భర్తకు భోజనం తీసుకెళ్తున్నానని దారిలో గొర్రెలకు కూడా చెప్పాను. 'నా భర్త' అనడం అప్పటికింకా నాలుక మీద మిఠాయిలా ఉండేది.

నల్లమడుగు దగ్గర రాతిగోడకు ఒక సందు ఉంది. ఆ సందులో పన్నెండడుగుల గాలం కర్ర ఒకటి నిలబెట్టి ఉంది. గాలికి ఊగిపోతోంది. పడి విరుగుతుందేమోనని దాన్ని తీసి, గోడ పక్కన ఎండుగడ్డిలో మెత్తగా పడుకోబెట్టాను. మంచి పని చేశానని మురిసిపోయాను కూడా.

నేను గాల్వే నగరంలో పుట్టి, కాలేజీలో రసాయనశాస్త్రం చదివినదాన్ని. ఈ నది ఒడ్డున అందరికీ పుట్టుకతో తెలిసినది అప్పటికి నాకు తెలియదు. సందులో కర్ర నిలబడి ఉంటే ఆ మడుగు వంతు ఆ కర్ర మనిషిది. అతను ఇంటికెళ్లి తిని వచ్చినా, ఆవుకు పురుడు పోసి వచ్చినా ఇంకొకరు నీళ్లలో కాలు పెట్టరు. కర్ర పడుకుని ఉంటే మాత్రం, నా పని అయిపోయింది, కావలసినవాళ్లు దిగండి అని అర్థం.

ఆ కర్ర మాలకీ అన్న ఫెస్టీది. ఆవు ఈనుతోందని కబురొస్తే నిలబెట్టి వెళ్లాడు.

ఆ అన్నదమ్ములు మూడేళ్లపాటు మాట్లాడుకోలేదు. తన వంతులో మాలకీ దొంగతనంగా దిగి పెద్ద చేపను పట్టాడని ఫెస్టీ అన్నాడు. కర్ర పడుకునే ఉందని మాలకీ అన్నాడు. ఆ కర్రల గొడవేమిటో నాకు అప్పట్లో అర్థం కాలేదు. ఊరు రెండుగా చీలిపోయింది. చివరికి మా పెళ్లికి ఫెస్టీ పిలవకుండానే వచ్చి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. మాలకీ వంటగదిలోకి వెళ్లి ఏడ్చాడు. అన్న మళ్లీ దొరికాడని ఈ పదకొండు రోజుల్లో నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేను దొరికినదానికంటే అన్న దొరికినందుకే ఎక్కువ సంతోషమా అని ఏడిపించేదాన్ని.

మాలకీ పై మడుగు నుంచి దిగివచ్చాడు. గడ్డిలో ఉన్న కర్రను చూసి నవ్వాడు. ఎందుకని నేను అడగలేదు. అతను నవ్వితే చాలు నాకు. రొట్టె తర్వాత తింటానని, తడి గడ్డంతో ముద్దుపెట్టి నీళ్లలోకి దిగాడు.

విసరడం, ఒక అడుగు కిందికి. మళ్లీ విసరడం, ఇంకో అడుగు. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. ఏడో అడుగులో దారం బిగిసింది. చేప గాల్లోకి లేచింది. ఈ కాలపు చేపలకుండే రాగి రంగు, నా చెయ్యంత పొడుగు. ఒడ్డున నేను గంతులేశాను.

అప్పుడే ఫెస్టీ వచ్చాడు. సందు దగ్గర ఆగి గడ్డిలోకి చూశాడు, నీళ్లలోకి చూశాడు. నేను రొట్టె ఊపి పలకరించాను. అతను ఇనుప మొన ఉన్న ఊతకర్రతో నడుములోతు నీళ్లలోకి దిగి, వెనకనుంచి మాలకీ మెడ మీద కొట్టాడు.

నేను నవ్వాను. అన్నదమ్ముల సరదా అనుకున్నాను. రెండో దెబ్బ వేళ్ల మీద పడింది. ఆ చప్పుడు విన్నాక నవ్వు ఆగింది. గాలం కర్ర చేపతోపాటు కొట్టుకుపోయింది.

"నీ పెళ్లిలో విస్కీ తాగి పట్టుమని పదిహేను రోజులు కాలేదురా," అన్నాడు ఫెస్టీ. "మళ్లీ అదే పనా?"

"పడుకునే ఉంది, ఫెస్టీ."

"అప్పుడూ ఇదే మాట."

మాలకీ తలతో అతని ముక్కు మీద పొడిచాడు. రక్తం ఇద్దరి మీదా చిమ్మింది. ఫెస్టీ తమ్ముడి జుట్టు పట్టుకుని, మోకాలు నడుముకు ఆనించి, తలను నీళ్లలోకి నొక్కాడు. పడుకునే ఉందన్న మాట అప్పటికి నా బుర్రకెక్కింది. నేనే, నేనే పడుకోబెట్టానని అరిచాను. నది హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

ఒడ్డున పెట్టిన మాలకీ సంచిలో చేపల తల మీద కొట్టే జానెడు కట్టె ఉంటుంది, చివర సీసం పోసినది. అది తీసుకుని దిగాను. బూట్లలోకి నీళ్లు నిండాయి. ఫెస్టీ చొక్కా పట్టుకుని లాగితే మోచేత్తో నా నోటి మీద కొట్టాడు. పన్ను సగం విరిగి నాలుక మీద పడింది. నీళ్లలో మాలకీ చెయ్యి ఒకటి పైకి లేచి, దేన్నీ పట్టుకోకుండా మునిగిపోయింది.

చెవి పైన ఒకటి వేశాను. ఫెస్టీ వదల్లేదు. రెండోది కళ్ల వెనకగా వేశాను. చేపను అక్కడే కొట్టాలని మాలకీయే నేర్పాడు.

ఫెస్టీ వదిలేశాడు. బోర్లా తేలి, మెల్లగా వాలుకు కదిలాడు. మాలకీ లేచి నీళ్లు కక్కాడు. నావైపు చూడలేదు. అన్నను చూసి, విరిగిన చెయ్యి గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో ఈదుకుంటూ వెళ్లి కాలర్ పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి ఫెస్టీని గులకరాళ్ల మీదికి ఈడ్చాం. మాలకీ అతని వీపు మీద పిడికిలితో గుద్దుతూనే ఉన్నాడు, అతను దగ్గేదాకా.

ఫెస్టీ ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. నోట్లో రక్తంతో, ముద్ద ముద్దగా, కర్రను గాలికి పడిపోతుందని నేనే పడుకోబెట్టానని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"గాలికా?" అన్నాడు ఫెస్టీ.

"గాలికే."

అతను తమ్ముడివైపు తిరిగాడు. "అంటే నువ్వు చూసేసరికి పడుకునే ఉందన్నమాట. మరి మూడేళ్ల కిందట?"

మాలకీ ఒక్క మాట అంటే చాలు, అన్న తనవాడు. ఊరంతా తనవైపే. అప్పుడూ పడుకునే ఉందనమని నేను కళ్లతోనే చెప్పాను.

"అప్పుడు నిలబడే ఉంది," అన్నాడు మాలకీ. "నువ్వు కనబడలేదు. దిగేశాను."

ఫెస్టీ మోకాళ్ల మీద లేచి, చెయ్యి వెనక్కి తీసుకుని, మాలకీ చెంప పగిలేలా కొట్టాడు. ఆ దెబ్బను నేను ఆపలేదు. మాలకీ తల తిప్పుకోలేదు.

"ఇది అప్పటిది," అన్నాడు ఫెస్టీ. తర్వాత తమ్ముడి చంక కింద చెయ్యి వేసి లేపాడు. లేపుతూ తనే పడబోతే ఇద్దర్నీ నేను పట్టుకున్నాను.

ఆసుపత్రికి కారు నేనే నడిపాను. ఒకరికి వేళ్లు ఆడవు, ఒకరికి కన్ను తెరుచుకోదు. ఇద్దరూ వెనక సీట్లో ఒకరి మీదొకరు ఒరిగి కూర్చుని, దారి పొడుగునా నాకు గేరు మార్చడం రాదని తిట్టారు. రక్తం మింగుకుంటూ నేను నవ్వుతూనే ఉన్నాను.