కుప్పింటాకు రింగు

కుప్పింటాకుతో లేపనం తయారుచేసే చోట నేను గాజు పళ్లేలు కడుగుతాను. అరచేతిలో ఇమిడేంత చిన్న పళ్లేలు. వాటిలో జెల్లీ పోసి, పుండ్లు తెప్పించే క్రిములను దానిమీద పరిచి, మధ్యలో ఆకు సారంలో ముంచిన కాగితపు బిళ్ల పెడతారు. మర్నాటికి క్రిములు పళ్లెమంతా మీగడలా పేరుకుంటాయి. బిళ్ల చుట్టూ మాత్రం అద్దంలా ఖాళీ రింగు మిగులుతుంది. అంతమేర మందు పనిచేసినట్టు.

ఏ తోటలో కోసిన ఆకైనా, ఎండాకాలం ఆకైనా వానాకాలం ఆకైనా, ప్రతి డబ్బాలో మందు బలం ఒకేలా ఉండాలని మా కెమిస్టు మేడమ్ పట్టుదల. ఆకులో అసలు సరుకు ఎంతుందో యంత్రంలో చూసి, ఎక్కువైతే పలచన చేసి, తక్కువైతే చిక్కబరిచి ఒక కొలతకు తెస్తారు. చదువు తొమ్మిదితో ఆగిన నాకు కూడా విసుక్కోకుండా చెబుతారు.

"చూడమ్మాయ్, నిన్నటి రింగూ ఇవాళ్టి రింగూ కవలపిల్లల్లా లేవూ?"

ఉన్నాయి. అవి చూసే నేను ఇంటికి ధైర్యంగా వెళ్లేదాన్ని.

ఇంట్లో మా పిచ్చుక కాలిమీద పుండు. ఒకచోట కుదురుగా కూర్చోదని పాపకు ఆ పేరు పెట్టుకున్నాం. దోమ కుట్టిన చోట గోక్కుంది, అంతే. ఆస్పత్రిలో ఒక మందు ఇచ్చారు, తగ్గలేదు. మార్చారు, పెరిగింది. కిందటిసారి డాక్టరు ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, "ఇది దాటితే వెంటనే తీసుకురండి" అన్నాడు. అప్పట్నుంచి పిచ్చుక ఎగరడం మానేసింది. నేను అన్నం కలుపుతున్నా గీతే చూస్తున్నాను, జడ వేస్తున్నా గీతే చూస్తున్నాను.

మా లేపనం పూశాను. అత్తయ్యకు అది నచ్చలేదు.

"మీ ఆయనకి చిన్నప్పుడు ఒళ్లంతా సెగ్గడ్డలే. పచ్చాకు నూరి పట్టిస్తే పోయాయి. మీ మేడమ్ రసమంతా యంత్రాలకి తాగించి, పిప్పి మన మొహాన కొడుతోందేమో!"

"రింగు వస్తోంది అత్తయ్యా, రోజూ చూస్తున్నాగా."

"పళ్లేనికొస్తే ఎవడిక్కావాలే? పిల్ల కాలికి రావాలిగానీ."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. మర్నాడు మేడమ్ బల్ల దగ్గర నిలబడ్డాను.

"మా పాప పుండులో ఉన్న క్రిమిని కూడా ఒక్కసారి పళ్లెంలో వేసి చూస్తారా మేడమ్?"

"ఆస్పత్రిలో చూస్తారు కదా."

"పుండు తుడిచి పరీక్షకి పంపారట. ఇంకా ఏమీ చెప్పలేదు."

"ఇక్కడ రోగులవి చెయ్యకూడదమ్మా..." అంటూనే నా ముఖం చూశారు. "సరే, ఏడవకు. నువ్వేడిస్తే నాకు చేతులాడవు."

సాయంత్రం మేడమే ఇంటికొచ్చి, దూది పుల్లతో పుండు తుడిచి తీసుకెళ్లారు. పళ్లెంలో కుప్పింటాకు బిళ్లతో పాటు ఆస్పత్రి మందుల బిళ్లలు కూడా పెట్టారు.

క్రిములు పెరిగాక నన్ను పిలిచి, పళ్లెం వెలుతురుకెత్తి పట్టారు. బిళ్లల అంచుల దాకా మీగడే. ఒక్క దాని చుట్టూ మాత్రం వెంట్రుకవాసి ఖాళీ.

"అది ఆకు బిళ్లా?"

"కాదు. సూది మందు. పనిచేస్తుందని చెప్పలేనమ్మా. ఈ పళ్లేన్ని ఫోటో తీసుకెళ్లి ఆస్పత్రిలో చూపించు."

"మరి రోజూ రింగులొస్తున్నాయి కదా?"

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కొలత మారకూడదని మేం ఎప్పుడూ ఒకే క్రిమిని వాడతాం. ఎప్పటిదో, ఫ్రీజర్లో దాచి పెంచుతున్నది. దానికి మందుల సంగతే తెలీదు. మీ పాప కాల్లో ఉన్నది అన్నీ తిని అరాయించుకుంది."

"అయితే అవన్నీ అబద్ధమా మేడమ్?"

"కాదు. ఆ క్రిమి వరకు నిజమే."

అప్పుడే అత్తయ్య ఫోన్ చేసింది. "పిల్ల ఒళ్లు కాలిపోతోందే. కళ్లు తెరవట్లేదు."

"గీత దాటిందా అత్తయ్యా?"

"గీత కనపడితేగా. అంతా ఎరుపే."

"వస్తున్నా. బండి పిలిచి, గుమ్మంలో ఉండండి. ఆస్పత్రికి వెళ్దాం."

"ఈలోగా కాస్త ఆకు నూరి పెట్టనా?"

పళ్లెం ఇంకా మేడమ్ చేతిలోనే ఉంది. కుప్పింటాకు బిళ్ల మీద కూడా క్రిములు పాకాయి.

"పెట్టండి అత్తయ్యా," అన్నాను.