ఒక్కపొద్దు బియ్యం

"రాధాబాయి ఇంట్ల నెలాఖరుకు బియ్యం మిగుల్తయట. సూసి నేర్సుకో."

మార్కండేయ ఈ మాట అన్నప్పుడు ఈరవ్వ ఆయన కంచంలో రెండోసారి అన్నం పెడుతోంది. తినేది తన వంట, మెచ్చేది పక్కింటి బియ్యం డబ్బాను. ఈరవ్వ గిన్నెలో ఉన్నదంతా ఆయనకే ఊడ్చి పెట్టి, అడుగున అంటుకున్న మాడు గీరుకుని తను తిన్నది.

అది డెబ్బై నాలుగు ఎండాకాలం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం అయిపోయింది. మార్కండేయ కాంటా దగ్గర చెరుకు బండ్లు తూచే మనిషి. బండ్లు రాని నెలల్లో సగం జీతమే. జీతం సగమైనప్పుడు ధరలు కూడా సగం కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పల్లినూనె, కందిపప్పు, దీపంలో పోసే గ్యాసునూనె ఒకదాన్ని చూసి ఒకటి కుళ్ళుకున్నట్టు పెరుగుతున్నాయి. చక్కెర వండే ఊళ్ళో ఉండి కూడా చక్కెర కోసం కార్డు పట్టుకుని లైన్లో నిలబడాల్సి వస్తోంది. ఇంట్లో చాయ్ ఎప్పుడో బెల్లం చాయ్ అయింది.

ఇక పొదుపు తెలివంతా చాయ్ హోటల్లో పుడుతుంది. కాంటా మీద పనిచేసే మగవాళ్ళంతా అక్కడ కూచుని ఆడవాళ్ళ పొయ్యిలు చక్కబెడతారు. మార్కండేయ ఆ తెలివిని రోజుకింత ఇంటికి మోసుకొస్తాడు. "అగ్గిపుల్ల గీకకు, పక్కింట్ల నిప్పు తెచ్చుకో. పప్పుల ఇంకో చెంబు నీళ్ళు పొయ్యి. బియ్యం బదులు నూకలు వండు." పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముందు కూచోని మనిషి పొయ్యికి పాఠం చెప్తాడు, వినాలి మరి. ఆయన సిగరెట్ పెట్టె, రెండు పూటలా హోటల్ చాయ్, ఆదివారం కల్లు మాత్రం ఆ పాఠంలో ఉండవు. ఒకసారి అడిగి చూసింది. "మొగోడు నలుగుట్ల తిరుగుతడు, గా మాత్రం ఖర్చుంటది" అని అత్త ముత్తవ్వే కొడుకు తరఫున జవాబు చెప్పింది. ఇంటిపని చేసుకుంటూనే ఈరవ్వ చుట్టే బీడీల డబ్బుతో ఉప్పూ పప్పూ, పిల్లల పలకలూ వస్తాయి. ఆ పనికి ఇంట్లో ఉన్న పేరు "పొద్దుపోక చుట్టే బీడీలు".

ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. వాటికి ఈరవ్వ అలవాటు పడింది. రాధాబాయికే అలవాటు పడలేకపోయింది. గోడ అవతలి ఇల్లే ఆమెది. మార్కండేయతో కాంటా మీద పనిచేసే రామ్‌దాస్ భార్య. పుట్టిల్లు దెగ్లూరు వైపు, కాసెపోసి చీర కడుతుంది, తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో మరాఠీ తొంగిచూస్తుంది. ఆమె అంటే ఈరవ్వకు కుళ్ళు. దాచుకునేదేముంది, కుళ్ళే. ఆమె వాకిట్లో ముగ్గు చూసినా కుళ్ళు, తీగె మీద ఆరేసిన తెల్లటి దుప్పటి చూసినా కుళ్ళు. అన్నిటికంటే మించి, మార్కండేయ ఆ పేరు పలికే మెత్తదనం ఈరవ్వకు కడుపులో మంట. పెళ్ళాన్ని "ఏమే" అంటాడు, "ఓయ్" అంటాడు, ఎక్కువ సార్లు ఊరికే గొంతు సవరించుకుంటాడు. పక్కింటామెను మాత్రం నిండుగా "రాధాబాయి" అంటాడు. నన్ను కూడా ఈరవ్వ అని ఒక్కసారి పిలిస్తే నోరు అరిగిపోతుందా అనుకునేది. బీడీ ఆకు కత్తిరిస్తూ, దారం చుడుతూ రోజంతా ఇదే అనుకునేది.

ఒకరోజు పెరుగు తోడు కావాలనే వంకతో గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. రాధాబాయి లోపలికి పోయిన సందున బియ్యం డబ్బా మూత తీసి చూసింది. నిజమే, నెల చివర కూడా అందులో బియ్యం ఉన్నాయి.

"ఎట్ల మిగుల్తయ్ బాయీ?"

రాధాబాయి నవ్వింది. "దేవుని దయ. సోమారం శివునికి, బేస్తారం దత్తునికి, శనారం మారుతికి ఒక్కపొద్దుంట. పగటిపూట ఇంత తింట, రాత్రి దేవుని పేరు మీద విడుస్త."

ఈరవ్వకు ఒళ్ళంతా మండిపోయింది. ఇటు బియ్యం మిగిలె, అటు పుణ్యం వచ్చె, నడుమ నా మొగుడి మెప్పు కూడా కొట్టేసె. ఇంటికి వచ్చేలోపలే మనసులో నిశ్చయించుకుంది. ఆమె పట్టిన మూడు వారాలూ పట్టి, పైన ఎల్లమ్మ పేరున మంగళవారం కూడా పట్టింది. ఒక్కరోజైనా ఆమెకంటే ఎక్కువ ఉండాలి కదా.

ఇల్లంతా మారిపోయింది. "ఇప్పటికి నీకు బుద్ధొచ్చింది పిల్లా. నీ ఈడుల నేను గిట్లనే ఉన్న" అని ముత్తవ్వ నెత్తిమీద చెయ్యి పెట్టింది. సాయంత్రం అన్నం ఉడుకుతుంటే గంజి వాసనకే కళ్ళు తిరిగేవి, అయినా ఈరవ్వ పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది. నెలాఖరున డబ్బా మూత తీసి మొగుడి ముందు పెట్టింది. మార్కండేయ దోసిట్లోకి బియ్యం తీసుకుని, కాంటా మనిషి కదా, చేత్తోనే తూచి తల ఊపాడు. ఆ సాయంత్రం హోటల్లో "మా ఈరవ్వ" అన్నాడట. ఆ మాట రామ్‌దాస్ నోట గోడ అవతల వినబడితే, ఈరవ్వ బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నట్టు ఆ రాత్రంతా దాన్నే చప్పరించింది. ఆకలి కూడా తెలియలేదు.

మరుసటి నెల ఆయన తెచ్చిన బియ్యం సంచి చిన్నగా ఉంది.

"గింతేనా?" అంది.

"పోయిన నెల మిగిలినయ్ గద. గింతతోని సరిపోతది."

"మరి ఆ మిగిలిన పైసలు?"

"ఉన్నయ్ తియ్" అన్నాడు. చేతి గడియారానికి కొత్త పట్టా మెరుస్తోంది.

మొక్కుకున్నప్పుడు ఆకలి తనది. ఇష్టమై పడింది, ఎప్పుడైనా మానుకోవచ్చనుకుంది. ఇప్పుడది ఆయన లెక్కలో చేరిపోయింది, మానుకుంటే ఇంట్లో ఎవరికో ఒకరికి అన్నం తక్కువవుతుంది. దానికి తోడు వేళ్ళు వణకడం మొదలైంది. బీడీకి దారం బిగుసుకునేది కాదు. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి వదులుగా ఉన్నవన్నీ ఏరి పక్కన పడేశాడు. వాటికి కూలి లేదు. బియ్యంలో మిగిలింది బీడీల్లో పోయింది. ఈ లెక్క హోటల్లో ఎవరూ వేయలేదు. అయినా ఈరవ్వ మానలేదు, మానితే రాధాబాయి గెలుస్తుంది.

అట్లాంటి ఒక మంగళవారం, దీపం పెట్టే వేళకు రాధాబాయే వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం కందిపోయి ఉంది.

"మంగళారం ఎందుకు పట్టినవ్ ఈరవ్వా? మా ఆయన రోజూ పాణం తింటున్నడు. ఈరవ్వను చూసి నేర్చుకో, నాలుగు దినాలుంటది, మీదికెళ్ళి బీడీలు చేస్తది అంటున్నడు. మొన్న సంచి గూడ తక్కువ తెచ్చిండు. ఇంక నాకు ఏ దేవుడు మిగిలిండో నువ్వే చెప్పు."

ముందు ఈరవ్వకు సంతోషమే కలిగింది. రామ్‌దాస్ నోట కూడా తన పేరే. ఆ సంతోషం గుటక పడేలోపలే ఇంకో మాట అడ్డం పడింది. "తక్కువ తెచ్చిండా? మీకు గూడనా?"

రాధాబాయి గోడకు ఆనుకుని కూలబడింది. "ఇది రెండోసారి. నా మొదటి ఒక్కపొద్దు దత్తుని కోసం కాదు. ఒకనాడు చుట్టాలొస్తే అన్నం ఒడిసింది. నువ్వు తినవా అని అడిగిండ్రు. ఇజ్జత్ పోతదని ఒక్కపొద్దన్న. మా ఆయన సంబరపడ్డడు, వచ్చే నెల బియ్యం తగ్గించిండు. ఏ దేవుని పేరు చెప్పాల్నో నేను ఎన్క దేవులాడుకున్న."

"గీ ముచ్చట నాకప్పుడే ఎందుకు చెప్పలే బాయీ?"

"చెప్తే మీ ఆయన నన్నెందుకు మెచ్చుకుంటడు? ఇంట్ల మెచ్చుకునేటోడు లేడు. బయటోళ్ళు మంచిగంటున్నరని తెలిస్తే కడుపు కాలినా మంచిగనిపించేది." ఈరవ్వ కొంగు ముడి వైపు చూస్తూ అంది. "నువ్వు బీడీల పైసలు కొంగున కట్టుకొని పోతుంటే నాకెంత కుళ్ళో నీకు తెల్వదు."

తనను చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటున్నారని ఈరవ్వకు ఆ రోజే తెలిసింది. లోపలికి వెళ్ళి మార్కండేయ కోసం మూతపెట్టి ఉంచిన అన్నం తెచ్చి, మామిడి తొక్కు వేసి కలిపింది. కంచం ఇద్దరి నడుమ పెట్టింది.

"ఎల్లమ్మ ఏమంటదో" అంది రాధాబాయి, చెయ్యి పెట్టకుండా.

"ఎల్లమ్మ ఆడిదే" అంది ఈరవ్వ.

ఇద్దరూ తిన్నారు. గడప మీద ఆకు నములుతున్న ముత్తవ్వ చూసింది. చూసి మొహం వీధి వైపు తిప్పుకుంది.

గురువారం మార్కండేయ హోటల్ నుంచి నవ్వుకుంటూ వచ్చాడు.

"రామ్‌దాస్ ఆగమైండు. దీపాలు పెట్టంగ ఇంటికి పోయినోడు మళ్ళ హోటల్‌కే వచ్చి మిర్చీల మీద మిర్చీలు తింటున్నడు. ఏందయ్యా అంటే, రాధాబాయి ఈ బేస్తారం ఒక్కపొద్దు ఆయన పేరున మొక్కిందట. ఆమె కడుపునిండ తిన్నదట, ఆయన ముంగట చెంబెడు నీళ్ళు పెట్టిందట."

ఈరవ్వకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. అందులోనూ ఆమే ముందు. మంగళవారం రాత్రి ఆయనకు మళ్ళీ వండిపెట్టినా, అప్పటి నుంచి రెండు రోజులుగా తను కూడబెట్టుకున్న ధైర్యాన్ని ఆమె ఒక్క అడుగు ముందుగా వాడేసుకుంది. తను పిల్లలకు పెట్టి, అత్తకు పెట్టి, వేడివేడిగా తన కంచంలో పెట్టుకుని తిని, గిన్నె తోమి బోర్లించి ఎంతోసేపు కాలేదు.

మార్కండేయ కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూచున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "పెట్టు" అన్నాడు.

ఈరవ్వ చెంబెడు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. గడప మీద ముత్తవ్వ ఆకు నమలడం ఆపింది.

"ఏందే గిది?"

"రామ్‌దాస్‌ను సూసి నేర్సుకో" అంది ఈరవ్వ.