సలీమా కోసం కొన్న మిషన్

సర్... సర్... సర్... సర్...

ఉప్పుకాగితం టేకు చెక్క మీద నడుస్తోంది. నాలుగుసార్లు రుద్దుతుంది సలీమా. ఆగుతుంది. ఊపిరి వెతుక్కుంటుంది. మళ్లీ నాలుగుసార్లు.

ఇదివరకు ఆగకుండా నలభైసార్లు రుద్దేది.

ఆమె రుద్దుతుంది. నేను చెక్కుతాను. బందరులో మా రెండు గదుల ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పెడన కలంకారీ వాళ్లకు అద్దకం అచ్చులు చేసిస్తాం. మామిడి పిందెలు, చిలకలు, తీగలు... చూసేవాళ్లు పువ్వు చెక్కడమే గొప్పనుకుంటారు. కాదు. ముందు చెక్క చదునుగా ఉండాలి, పళ్లెంలో నీళ్లంత చదునుగా. వెంట్రుకవాసి పల్లం ఉన్నా అక్కడ రంగు అంటదు. గుడ్డ మీద పువ్వుకు ఒక రేకు తగ్గిపోతుంది.

ఆ చదును సలీమాది.

పేరు మాత్రం తాహిర్ అచ్చులని నాది.

కిందటి వానల్లో మొదలైంది దగ్గు. చలికాలం వచ్చినా పోలేదు. మిరియాల పాలయ్యాయి, కషాయాలయ్యాయి, మసీదులో ఇమామ్ సాహెబ్ ఊదిచ్చిన నీళ్లయ్యాయి. ఆఖరికి డాక్టరు ప్రేమ్ సాగర్ గారు ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పట్టి చూశారు.

"చెక్క పొడమ్మా ఇది. ఏళ్ల తరబడి పీల్చారు. మందులు నేనిస్తాను. పొడికి దూరంగా ఉండటం మాత్రం మీ చేతుల్లోనే ఉంది."

దూరం!

రెండు గదుల ఇంట్లో దూరం ఎక్కణ్నుంచి తేను? కోపం వచ్చింది నాకు. ఆయన మీద కాదు... నేను చెక్కిన పువ్వులన్నిటి మీదా. ఆ రోజే అనుకున్నాను, ఇక సలీమా చేత ఉప్పుకాగితం పట్టించకూడదని. మిషన్ కొనాలని.

డ్రమ్ శాండర్ అంటారు దాన్ని. లావుపాటి ఇనప గొట్టానికి ఉప్పుకాగితం చుట్టి ఉంటుంది. మోటారు దాన్ని గిర్రున తిప్పుతుంది. ఇటు చెక్క దూరిస్తే అటు నున్నగా వస్తుంది. ఫోన్లో వీడియోలు చూశాను, కళ్లు మండేదాకా చూశాను. పెద్ద పెద్ద షెడ్లు, చెవులకు డిప్పలు పెట్టుకున్న దొరలు, మా ఇల్లమ్మినా రాని మిషన్లు... మనబోటి వాళ్లకు అందేవి రెండు తేలాయి.

ఒకటి బెజవాడ షాపులో. పక్కనే పొడి లాక్కునే సంచి తగిలించి ఉంది.

రెండోది గుడివాడలో, కాంతారావు గారి లేత్ షాపులో. ఆయనే తయారుచేశాడు. బంటుమిల్లి రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి చిలికి అలిసిన ఏరియేటర్ మోటారు దానికి. సంచీ లేదు, గించీ లేదు.

బెజవాడది ఖరీదు ఎక్కువే. కానీ నాకు అందనంత ఎక్కువ కాదు — ఈ మాట నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా అచ్చులవాళ్లకో అలవాటుంది. చదును విషయంలో ఎవరి మాటా నమ్మం. గాజు పలక మీద నూనెలో కలిపిన మసి పూస్తాం. చెక్కను దాని మీద బోర్లిస్తాం. నల్లబడినంత మేరా చదును. తెల్లగా మిగిలిందా, పల్లం. మసికి మొహమాటం లేదు.

ఆ పలకను సంచిలో పెట్టుకుని రెండు ఊళ్లూ తిరిగాను.

"నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఇంత పరీక్షగా చూళ్లేదు మీరు," అని నవ్వింది సలీమా. నవ్వి, దగ్గింది.

బెజవాడ మిషన్లోంచి వచ్చిన చెక్కను బోర్లించాను. ఎత్తాను. నలుపు మధ్యలో ఒక తెల్లగీత... సన్నగా, వెంట్రుకంత.

"పనికిరాదు," అన్నాను.

"చేత్తో ఓ పదిసార్లు రుద్దితే పోద్ది కదండీ," అన్నాడు షాపతను.

చేత్తో రుద్దడం మాన్పించడానికే కదా వచ్చాను, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పదిసార్లూ నేనే రుద్దుకోవచ్చని తోచలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజైనా రుద్దిన చెయ్యి కాదు కదా ఇది!

గుడివాడలో మూడు చెక్కలు బోర్లించాను. మూడూ నలుపే. ఈ అంచు నుంచి ఆ అంచుకు నలుపు. సంతోషంతో గుండె ఉప్పొంగింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

కాంతారావు గారు ఉన్నమాటే చెప్పారు. "పొడి బాగా లేస్తది సాయిబుగారూ. బయటికి పోవడానికి గొట్టం ఒకటి పెట్టించుకోండి."

"పెట్టిద్దాం లెండి," అన్నాను. నా చూపు పలక మీదే ఉంది.

మిషన్ ఇంటికొచ్చింది. వీధి వీధంతా గుమ్మంలోకి తొంగిచూసింది. సలీమా ఉప్పుకాగితం పక్కన పెట్టి తన అరచేతులు చూసుకుంది, చాలాసేపు చూసుకుంది. ఆ వారమంతా ఇంట్లో పండగే.

రోజుకు నాలుగు చెక్కలు చదునయ్యే ఇంట్లో నలభై అయ్యాయి. పెడన నుంచి కొత్త ఆర్డర్లు. తాహిర్ అచ్చంటే అచ్చు, అన్నారు.

పొడి కూడా పెరిగింది.

చేత్తో రుద్దిన పొడి రవ్వలా రాలి కింద పడేది. మిషన్ లేపే పొడి గోధుమపిండి కన్నా మెత్తన. గాల్లోనే ఉంటుంది... దిగదు. అన్నం మీద పొడి. బిందెలో నీళ్ల మీద పొడి. నమాజు చాప దులిపితే పొడి.

రెండు గదుల మధ్య గుమ్మానికి తడి చీర కట్టింది సలీమా. సాయంత్రానికి అది టేకు రంగుకు తిరిగింది. ఉతికి మళ్లీ కట్టింది.

ఆ చీరకు అవతలే ఉండిపోతే బాగుండేది. కానీ ఇటు నేను దూర్చిన చెక్కను అటు ఎవరో ఒకరు అందుకోవాలి. వచ్చి అందుకుంది. నేను పిలవలేదు.

వద్దనీ అనలేదు.

గొట్టం రేపు పెట్టిద్దాం. ఈ ఆర్డరు కానిద్దాం. ఆదివారం చూద్దాం... ఆదివారాలు వచ్చాయి, పోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు తెలియను కూడా తెలియలేదు. మిషన్ మోతలో దగ్గు వినబడదు.

ఒక పొద్దున కరెంటు పోయింది.

మిషన్ ఆగింది. అప్పుడు విన్నాను — సన్నగా, ఈలలా, సలీమా ఊపిరి. చెక్క పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆక్సిజన్ పెట్టారు. కాస్త తెరిపిన పడ్డాక ప్రేమ్ సాగర్ గారు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మందులు వాడుతూనే ఉన్నారు. మరి ఇంత త్వరగా ఇలా ఎందుకైంది? చెక్క రుద్దడం మానేశారు కదమ్మా?"

సలీమా మాస్కు పక్కకు జరిపింది.

"ఎప్పుడో మానేశానండీ." ఊపిరి తీసుకుంది. "మా ఆయన రుద్దనివ్వరు. నా కోసం... మిషన్ కొన్నారు."

ఎంత గర్వంగా చెప్పిందో!

"మంచి పని చేశారు తాహిర్ గారూ," అన్నారు డాక్టరు. కాగితం ముందుకు లాక్కున్నారు. "అయితే కారణం ఇంకేదో ఉండాలి. ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?"

"లేదండీ. గ్యాసే."

"కోళ్లు, పావురాలు పెంచుతున్నారా?"

"లేదండీ."

రెండింటికీ నిజమే చెప్పాను. ఆయన రాసుకుంటున్నారు. మూడోది అడుగుతారని నిలబడ్డాను. సలీమా నా వైపే చూస్తోంది.