కాజాలక్క కుట్టిన జేబు

పొద్దున్నే దుకాణం తలుపు తీయగానే టైలరు మాస్టారు బల్ల మీద గుడ్డ పరిచేవాడు. ఆయన చెల్లెలు కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేది. చొక్కాకి ముందు బొత్తాలు పట్టే కాజాలు ఏడు, చేతులకి చెరొకటి. ఇరవై రెండేళ్లుగా ఆమె పని అదే. కొలతలు తీయడం, కత్తిరించడం అన్నయ్య వంతు. ఊరంతా ఆమెను కాజాలక్క అనేవారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే ఆమే ఒక్క క్షణం ఆగి గుర్తు తెచ్చుకునేది.

ఆ ఊళ్లో కుట్లు అంటుకునేవి. తడిబట్టలు రెండు ఒకే దండెం మీద పక్కపక్కన ఆరితే, ఒకదాని మీదున్న కొత్త కుట్టు రెండోదానికి పాకేది. పిల్లలున్న ఇంట్లో జలుబు పాకినట్టే. వట్టి సోకు కుట్టయితే రెండు ఉతుకులకి రాలిపోయేది. పనికొచ్చేదయితే నిలిచేది. "మీ చొక్కా కాలరు మావాడి చొక్కాకి వచ్చిందండీ" అని ఒకరంటే, "రానీండి, వాడికి బాగుంటుంది" అని ఇంకొకరు అనేవారు. అంతటితో సరి.

ఆ ఏడు మాస్టారు కాజాలు కుట్టే మిషను కొన్నాడు. కాజాలక్క పొద్దంతా కుట్టే కాజాలను అది కాఫీ చల్లారేలోగా కుట్టేసింది.

మాస్టారు మంచివాడే. కానీ చెప్పాల్సిన మాట చెప్పడానికి మూడు రోజులు గొంతు సవరించుకున్నాడు. నాలుగోనాడు టేపును మెడలోంచి తీసి, మళ్లీ వేసుకుని అన్నాడు.

"పిన్ని ఒక్కతే ఉంటోంది కదే. కిందటేడు జారిపడ్డప్పటినుంచి గడప దాటడం లేదట. నువ్వెళితే తోడుగా ఉంటుంది. మాట కూడా ఇచ్చేశాను."

"ఎన్నాళ్లకి?"

మాస్టారు గుడ్డ మీద సుద్దగీత గీస్తూ, "ఉండాల్సినన్నాళ్లు" అన్నాడు.

నెల గడువు. పిన్ని ఊరు బస్సులో నాలుగు గంటల దారి. కాజాలక్కకి పిన్నంటే ఇష్టమే. కాని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆమెకి చేతకాదు. ఆ నెల రోజులూ పీట మీద కూర్చుని, పనిలేని వేళ్లను ఒకదాన్నొకటి రుద్దుకునేది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వెళ్లినప్పుడు ఆసుపత్రి నర్సమ్మ తన యూనిఫారం గౌను పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో థర్మామీటరు డబ్బా, పళ్ల మధ్య తాళాలు.

"ఆ తాళాలు నోట్లో ఏమిటే తల్లీ!"

నర్సమ్మ తాళాలు బల్ల మీద వదిలి ఊపిరి పీల్చుకుంది. "ఇంకెక్కడ పెట్టుకోనక్కా? జేబు కుట్టమంటే, ఆడవాళ్ల గౌనుకి జేబేమిటి, నడుము లావుగా కనిపిస్తుంది అంటాడు మీ అన్నయ్య. నాకు నడుము కావాలా, తాళాలు కావాలా?"

కాజాలక్కకి నవ్వొచ్చింది. తర్వాత ఆమె తలుపువైపు ఒకసారి చూసింది. అన్నయ్య రావడానికి ఇంకా టైముంది.

"జేబులో ఏమేం పెట్టుకుంటావు?"

"తాళాలు, థర్మామీటరు, ఒక పెన్ను. పన్నెండింటికి ఆకలేస్తే బిస్కెట్లు."

కాజాలక్క గౌను పక్కకుట్టు విప్పింది. మిగులుగుడ్డలోంచి రెండు ముక్కలు కత్తిరించింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె గుడ్డ కత్తిరించడం అదే మొదలు. నిలువుగా కుడితే తాళాలు జారిపోతాయని కాస్త వాలుగా కుట్టింది. నర్సమ్మ గౌను తొడుక్కుని, అన్నీ జేబులో వేసుకుని, ఖాళీ చేతులు రెండూ గాల్లో ఊపుకుంటూ చిన్నపిల్లలా వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం నర్సమ్మ గౌను ఉతికి దండెం మీద వేసింది. ఎండ తగ్గేసరికి పక్కింటి టీచరమ్మ గౌనుకి జేబొచ్చింది. కాని అంటుకున్నది అంటుకున్నట్టు ఉంటే కదా! టీచరమ్మ దగ్గరికి వచ్చేసరికి అది సుద్దముక్కలకి సరిపోయేట్టు సన్నగా, పొడుగ్గా అయింది. ఆవిడ చెల్లెలు పదింటి బస్సు కండక్టరు. ఆ పిల్ల దుస్తులకి చిల్లరకొక అర, టిక్కెట్లకొక అర పడ్డాయి. వారం తిరక్కుండా వీధి వీధంతా జేబులే. ఒకాయన పైజమాకి వెనకవైపు వచ్చింది. ఒకావిడ దుప్పటికి పదకొండు జేబులు పడితే, పిల్లలు వాటిలో గోళీలు దాచుకుని పడుకున్నారు. గుమ్మం తెరకి పడిన జేబులో మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. అది రెండు ఉతుకులకే రాలిపోయింది.

అన్నీ కుదిరినవి కావు. కొందరికి మోకాలి దగ్గర పడింది, కొందరికి చెయ్యి పట్టనంత ఇరుగ్గా. సరిచేయించుకోవడానికి దుకాణం ముందు ఆడవాళ్లు బారులు తీరారు. మాస్టారు టేపు పట్టుకుని, "ఎన్ని అంగుళాల లోతు?" అని అడిగాడు. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. అప్పుడు కిటికీ దగ్గర్నుంచి కాజాలక్క అడిగింది.

"ఏం పెట్టుకుంటారమ్మా ఇందులో?"

అంతే! ఒక్కసారిగా అందరూ మాట్లాడ్డం మొదలుపెట్టారు. మాస్టారు కాసేపు విని, కత్తెర తీసి చెల్లెలి చేతిలో పెట్టి, మెల్లిగా పక్కకి జరిగాడు.

ఒకరోజు టీచరమ్మ, "ఈ జేబు మా అత్తగారి వైపు నుంచి వచ్చిందక్కా, వాళ్లది పెద్ద పట్నం కదా" అంది. కాజాలక్క మనసు చివుక్కుమంది. ఇది నాదమ్మా అందామని నోరు తెరిచింది. కాని చేతిలో ఉన్న ఆ సన్నటి సుద్దముక్కల జేబుని చూస్తే, నిజంగానే అది తను కుట్టినట్టు లేదు. ఇంత అందంగా తనకి తోచేది కాదు. "బాగుంది. మంచిచోటు నుంచే వచ్చింది" అంది నవ్వుతూ.

ఇచ్చిన మాట మాత్రం అలాగే ఉంది. నెల నిండింది. వదిన కళ్లు తుడుచుకుంటూ పెట్టె సర్దింది. మాస్టారు పెట్టె మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చాడు. దారంతా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు.

"మాట ఇవ్వకపోయి ఉంటే..." అన్నాడు చివరికి.

"ఇచ్చావుగా. ఊరుకో అన్నయ్యా."

పదింటి బస్సు వచ్చింది. ఇటు దింపి, మళ్లీ అటే వెళ్లే బస్సు. జనం దిగారు. అందరికంటే ఆఖర్న, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బస్సు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతూ ఒక ముసలావిడ.

"పిన్నీ!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"అరవకండర్రా, పడతాను" అంది పిన్ని. నేల మీద రెండు కాళ్లూ ఆనాక, విజయం సాధించినట్టు చుట్టూ చూసింది.

"ఒక్కదానివే వచ్చావా?" మాస్టారు ఆవిడ వెనకాల ఇంకెవరైనా దిగుతున్నారేమోనని చూశాడు.

"ఎవరు తేవాలిరా? ఇన్నాళ్లూ చేతిలో సంచీ ఉంటే కర్ర పట్టుకోలేక, కర్ర ఉంటే కమ్మీ పట్టుకోలేక ఇంట్లో కూలబడ్డాను. కిందటి వారం పక్కింటావిడ గౌను పక్కన నాది ఆరేశాను." పిన్ని తన పక్కన తట్టి చూపించింది. "కళ్లజోడు, మాత్రలు, తాళం, అన్నీ ఇక్కడే. చేతులు రెండూ నావయ్యాయి. మొన్న వీధి చివరిదాకా వెళ్లాను. నిన్న సంతకి. ఇవాళ ఇక్కడికి." ఆవిడ చూపు పెట్టె మీద పడింది. "ఎవరిది? నీదా? నాకు తోడెందుకే ఇప్పుడు? ఇంట్లో ఉంటేగా నేను!"

మాస్టారు పెట్టె కింద పెట్టి, దాని మీదే కూర్చుండిపోయి, పకపకా నవ్వాడు.

కాజాలక్క మాత్రం ఆ జేబునే చూస్తోంది. పిన్ని బస్టాండు బెంచీ మీద కూర్చుంది. జేబులో వస్తువులు జారి పడిపోవాల్సింది, పడలేదు. లోపల ఏదో మడత ఉంది, కూర్చోగానే దానంతటదే మూసుకుంటోంది. అలాంటిది ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఈ మడత ఎవరు పెట్టారు పిన్నీ?"

"ఎవరని చెప్పను? మా ఊరికి వచ్చేసరికే కొంత ఉంది. మా వీధిలో ఇంకాస్త చేరింది."

"కదలకు, ఒక్క నిమిషం." కాజాలక్క నేల మీద మోకాళ్లూని, పిన్ని జేబు తిరగేసి, మడతలో వేలు పెట్టి కుట్టు ఎటు తిరిగిందో వెతకసాగింది.

"అమ్మా, ఎక్కుతున్నారా లేదా?" కండక్టరు పిల్ల విజిలు నోట్లోంచి తీసి అరిచింది.

కాజాలక్క తల ఎత్తలేదు. వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది.