మూడో పాటకి రెండు శృతి

మణికుమార్ బహ్రెయిన్‌లో ఉన్నాడని సోమరాజుకి తెలిసింది ఏప్రిల్ మొదటి శుక్రవారం, ఉదయం పది గంటలకి. కీబోర్డు సంచి భుజాన వేసుకుని మణికుమార్ క్లబ్బు హాలు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. అప్పుడు సోమరాజు నేల తుడుస్తున్నాడు.

“ఆయ్, గురువుగారూ, మీరేనా?” అంటూ సంచి కింద పెట్టి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

సోమరాజు కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఈ మనిషి తన ముందు తల వంచే రోజు కోసం ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాడు. ఇంత తేలిగ్గా వంచుతాడని మాత్రం అనుకోలేదు.

“ఎప్పుడొచ్చావురా?”

“రెండేళ్ళయిందండి. సల్మాబాద్‌లో గోడౌనండి. సామాను ఎక్కించడం, దించడం. ఇక్కడెవరో దొరసాని డాన్సు నేర్పుతుందనీ, వాయించేవాళ్ళు కావాలనీ విజయరాణిగారు చెప్పేరండి. మీరున్నారని చెప్పలేదు.”

“నేను నేల తుడిచేవాణ్ణి. నా పేరెందుకు చెబుతుంది?”

విజయరాణి క్లబ్బులో పనివాళ్ళకి సూపర్‌వైజరు. ఉగాదికి తెలుగువాళ్ళ కార్యక్రమంలో మణికుమార్ కీబోర్డు విని నంబరు తీసుకుంది. అతనికీ సోమరాజుకీ మధ్య ఏం జరిగిందో ఆమెకి తెలియదు. బహ్రెయిన్‌లో ఎవరికీ తెలియదు.

సోమరాజు ఇరవై రెండేళ్ళు కోనసీమలో పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించాడు. మణికుమార్ మూడేళ్ళు ఆయన దగ్గర శిష్యుడు. భోజనం ఆయన ఇంట్లోనే. హార్మోనియం విప్పడం, రీడ్లు శుభ్రం చేయడం, స్వరం సరిచేయడం నేర్చుకున్నాడు. రీడు కొసన చిటికెడు మైనం అద్దితే ఆ స్వరం కిందికి దిగుతుంది. అది కూడా సోమరాజే నేర్పాడు.

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో నాటకం. కృష్ణ వేషధారి పద్యం ఎత్తుకుని పైకి వెళ్ళాడు. సోమరాజు పంచమం నొక్కాడు. పెట్టె వేరే స్వరం పలికింది. వేషధారి తడబడ్డాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ అదే. జనం ఈలలు వేశారు. వేషధారి మైకులో, “పెట్టెవాడు తాగొచ్చాడు, క్షమించాలి” అన్నాడు. సోమరాజుకి తాగే అలవాటు లేదు. ఇంటికొచ్చి పెట్టె విప్పితే రెండు రీడ్ల మీద మైనం ఉంది. ఆ సాయంత్రం పెట్టె మోసుకొచ్చింది మణికుమారే.

ఈ మాట నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరుకి చెప్పాడు, వేషధారికి చెప్పాడు, తోటి వాద్యగాళ్ళకి చెప్పాడు. చేతకానితనాన్ని కుర్రాడి మీదకి తోస్తున్నాడన్నారు. నెల తిరక్కుండా అదే బృందంలో మణికుమార్ కొత్త కీబోర్డుతో కూర్చున్నాడు. సోమరాజుని ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. రెండేళ్ళు చూసి గల్ఫుకి వచ్చేశాడు.

ఇక్కడ నయీమ్ అనే పేటలో ఒక గదిలో ముగ్గురితో ఉంటాడు. క్లబ్బులో హాలు పని. శుక్రవారం పొద్దున ఆ హాల్లో ఐర్లండ్ నుంచి వచ్చిన షివాన్ అనే ఆవిడ పిల్లలకి తమ దేశపు నాట్యం నేర్పుతుంది. రేకు పిల్లనగ్రోవి ఒకటి ఊదుతూ నేర్పుతుంది. దానికి ఆరు రంధ్రాలు. తుడవడానికి వచ్చిన సోమరాజు మొదటి నెల దూరంగా నిలబడి విన్నాడు. రెండో నెల ఆవిడ దగ్గరకెళ్ళి, ఆ పిల్లనగ్రోవి శృతి ‘రెండు’ అని రెండు వేళ్ళు చూపించాడు. ఆవిడ ‘డి’ అంది. ఇద్దరూ చెప్పింది ఒకటే స్వరం. హార్మోనియం మీద తెల్లమెట్లు ఒకటి నుంచి లెక్కపెడితే రెండో మెట్టు అది.

మనామాలో ఒక గుజరాతీ ఆయన దగ్గర పాత హార్మోనియం కొన్నాడు. ఐదేళ్ళలో ఆవిడ దగ్గర అరవై పాటలు నేర్చుకున్నాడు. అన్నీ అడుగులకి కట్టిన పాటలు, మాటలు లేనివి. మొదట అన్నీ శంకరాభరణంలా వినిపించాయి. తర్వాత తెలిసింది. ఆ పిల్లనగ్రోవిలో ఉన్నవి ఏడు స్వరాలే. అయితే పాట ఎక్కడ కాపురం పెడుతుందో అదే ‘స’. రెండో మెట్టు మీద పెడితే శంకరాభరణం. అవే ఏడు స్వరాలు, మూడో మెట్టు మీద పెడితే ఖరహరప్రియ. ఆరో మెట్టు మీద పెడితే హరికాంభోజి. కాగితం మీద పాట రాసేటప్పుడు మొదట్లో పెట్టే శృతి గుర్తు మూడింటికీ ఒకటే. గుర్తు చూసి వాయించేవాడు మూడింటినీ ఒకటే అనుకుంటాడు.

ఇంకో సంగతి ఉంది. వాటిలో కొన్ని పాటలు ‘స’ మీద ఆగవు. చుట్టు పూర్తయ్యేసరికి పక్క స్వరం మీద వాలి, అక్కడినుంచి మళ్ళీ మొదటికి జారతాయి. నాట్యం చేసేవాళ్ళు అలిసేదాకా అలా తిరుగుతూనే ఉంటాయి. వాయించేవాళ్ళు ఆపాలనుకున్నప్పుడే ‘స’ మీద నిలబెట్టి ఆపుతారు.

మణికుమార్ వచ్చిన రోజు కీబోర్డు తెరిచి మీట నొక్కాడు. డ్రమ్ముల దరువు హాలంతా మోగింది. పిల్లలు గంతులేశారు. షివాన్ నవ్వింది.

“గురువుగారూ, ఇంకా ఆ తిత్తేనా? నాది చూడండి. శృతి మార్చాలంటే ఒక్క నొక్కు. ముగింపు కావాలంటే ఎండింగ్ అని ఇంకో నొక్కు. తాళాలతో సహా అదే ముగించేస్తది.”

“బాగుందిరా.”

“మీరు పక్కన కూర్చుని శృతి పట్టుకోండి చాలు. ఈ వయసులో శ్రమెందుకండీ.”

“అలాగే.”

నెలాఖరు శుక్రవారం వార్షికోత్సవం. పిల్లల తల్లిదండ్రులు, క్లబ్బు సభ్యులు, నూట నలభై కుర్చీలు. రెండు పాటలు అనుకున్నారు. ఒకటి రెండు శృతి, ఒకటి ఐదు శృతి. రెండు వారాలు సాధన చేశారు. రెండు పాటలకీ ముగింపు ఎక్కడో షివాన్ తల ఊపి చెప్పేది, మణికుమార్ మీట నొక్కేవాడు. పొరపాటు రాలేదు. సోమరాజు హార్మోనియం మైకు మణికుమార్ స్పీకరుకి ఇచ్చేశారు.

గురువారం షివాన్ మూడో పాట కలిపింది. పెద్దపిల్లలు ఎనిమిదిమంది చతురస్రంగా నిలబడి ఆడేది. పాట సోమరాజుకి వచ్చు. మూడు శృతి, ఖరహరప్రియ, నాలుగు చుట్లు. చుట్టు చివర రెండో మెట్టు మీద వాలి మొదటికి జారే పాట. “కీబోర్డతనికి నువ్వు చెప్పు రాజూ, నాకు టైము లేదు” అంది.

శుక్రవారం తొమ్మిదింటికి మణికుమార్ ఫోన్ చేశాడు.

“కొత్త పాటేదో కలిపేరంట కదండీ. శృతెంతండీ?”

నాటకాల్లో ఈ ప్రశ్న ప్రతిరోజూ ఉంటుంది. వేషం కడుతూ నటుడు అడుగుతాడు, తెర వెనక తబలా అతను అడుగుతాడు. హార్మోనిస్టు ఒక అంకె చెబుతాడు. దాన్ని ఎవరూ పరీక్షించరు. సోమరాజు ఇరవై రెండేళ్ళలో తప్పు అంకె ఒక్కసారి కూడా చెప్పలేదు.

“రెండు,” అన్నాడు.

“శంకరాభరణమేనాండీ?”

“అవే స్వరాలు.”

“ఎండింగెక్కడండీ?”

“ఈ పాటలో మేడమ్ నీవైపు చూడదు. ఆవిడ పిల్లల అడుగులు చూసుకోవాలి. చుట్లు లెక్కపెట్టొద్దు. ‘స’ మీద వాలి నిలబడేది పాట మొత్తంలో ఒక్కచోటే. అక్కడ కొట్టెయ్యి.”

“సరేనండి గురువుగారూ. మీరుండగా నాకేంటండి.”

ఫోన్ పెట్టేశాక సోమరాజు చెప్పినవన్నీ ఒకసారి తిరగేసుకున్నాడు. అన్నీ నిజాలే, ఒక్క అంకె తప్ప. చేతులు కడుక్కుని కుర్చీలు వేయడానికి వెళ్ళాడు. వరసకి పద్నాలుగు, పది వరసలు. మొదటి వరసని వేదికకి ఒక గజం దగ్గరికి జరిపాడు.

నాలుగింటికి మొదలైంది. మొదటి పాట బాగా సాగింది, రెండోదీ బాగానే సాగింది. జనం చప్పట్లు కొట్టారు. మణికుమార్ సోమరాజు వైపు తిరిగి కన్ను గీటాడు.

మూడో పాటకి ఎనిమిదిమంది పిల్లలు నిలబడ్డారు. షివాన్ వాళ్ళ పక్కకి నడిచి ఊదడం మొదలుపెట్టింది. మణికుమార్ శృతి రెండుకి మార్చి దరువు వదిలాడు. కీబోర్డు అడుగున పలికే స్వరాలు పాటతో సగంచోట్ల కలిశాయి, సగంచోట్ల కలవలేదు. షివాన్ ఒకసారి తల తిప్పి చూసింది. నోట్లో పిల్లనగ్రోవి ఉంది, ఏమీ అనలేకపోయింది. సోమరాజు హార్మోనియం తిత్తి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మెట్టు నొక్కలేదు.

మొదటి చుట్టు చివరికొచ్చింది. పిల్లలు ఎదురెదురుగా పరుగున దాటుతున్నారు. పాట రెండో మెట్టు మీద వాలి ఒక్క క్షణం నిలబడింది. అది జారేచోటు.

మణికుమార్ మీట నొక్కాడు.

డ్రమ్ములు గిరగిర తిరిగి, తాళాలు మోగి, అంతా ఆగిపోయింది. పాట అయిపోయిందనుకుని నలుగురు ఆగారు, ఆగనివాళ్ళు నలుగురు. ఇద్దరు పిల్లలు భుజాలు గుద్దుకున్నారు. ఒకమ్మాయి కింద పడింది. వెనక వరసలో ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు దించలేదు. మణికుమార్ నవ్వబోయి, మానేసి, మళ్ళీ దరువు వదిలాడు. షివాన్ చెయ్యెత్తి వద్దంది. అందరికీ కనబడేలా వద్దంది.

సోమరాజు అతని ముఖం చూశాడు. ఆ రాత్రి రాజోలులో తన ముఖం ఎలా ఉందో ఇన్నేళ్ళకి తెలిసింది.

అప్పుడు మూడో మెట్టు నొక్కాడు. మైకు లేకపోయినా, షివాన్ చెయ్యెత్తాక నవ్వులు ఆగి హాలు నిశ్శబ్దమైంది కాబట్టి వినబడింది. షివాన్ అందుకుంది. పడిన అమ్మాయి లేచింది. నాలుగు చుట్లు తిరిగి, మూడో మెట్టు మీద నిలబెట్టి ఇద్దరూ ఒకేసారి ఆపారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మణికుమార్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కార్యక్రమం అయ్యాక షివాన్ వచ్చి సోమరాజు భుజం తట్టింది. “నువ్వు లేకపోతే ఏమయ్యేది? పాపం, అతనికి ఈ పాట సరిగ్గా అర్థం కాలేదు” అంది. సోమరాజు అవునన్నాడు.

ఐదున్నరకి బయటికొచ్చాడు. గేటు పక్కన గోడకి కీబోర్డు ఆనించి మణికుమార్ నిలబడి ఉన్నాడు. కంపెనీ బస్సు ఆరింటికి మెయిన్ రోడ్డు మీదకి వస్తుంది. అతను ఆ మూడో పాటని కూనిరాగం తీస్తున్నాడు. రెండు మీద నిలబెట్టి చూశాడు, నచ్చలేదు. ఐదు మీద పెట్టాడు. అదీ కాదు. సోమరాజు వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఇది ఎవరి పనో తెలియాలంటే అతనికి ఆ ‘స’ దొరకాలి. దొరక్కపోతే ఈ ఎనిమిదేళ్ళకి అర్థం లేదు.

ఐదో ప్రయత్నానికి దొరికింది. మణికుమార్ తలెత్తాడు.

“మూడు కదండీ.”

“మూడే.”

“రెండన్నారు.”

“అన్నాను.”

“పొరపాటున అన్నారా?”

“రాజోలులో నా పెట్టెకి మైనం పొరపాటున అంటిందా?”

మణికుమార్ రోడ్డు మీద వెళ్ళే కార్లు చూశాడు. 

“నాకప్పుడు ఇరవై మూడండి,” అన్నాడు. “ఆ కాంట్రాక్టరే అన్నాడు, ముసలాయన్ని తప్పిస్తే నీకిస్తానని. ఒక్క నాటకం పోద్ది, తర్వాత మళ్ళీ మిమ్మల్ని పిలుస్తారనుకున్నానండి.”

“పిలవలేదు.”

“తెలుసండి.”

“తెలిసి రెండేళ్ళు నా వీధిలోంచే నడిచావు.”

మణికుమార్ సంచి భుజానికెత్తుకున్నాడు. “ఇప్పుడే లోపలికెళ్ళి ఆవిడకి చెప్తానండి. శృతి తప్పు చెప్పింది మీరేనని చెప్తాను.”

“వెళ్ళు. ఎవరు నమ్ముతారో చూడు. నేను చెప్పని మనిషి లేడు మన జిల్లాలో.”

మణికుమార్ వెళ్ళాడు. హాలు అద్దాల తలుపులోంచి ఇద్దరూ కనబడుతున్నారు. అతను చేతులు ఊపుతున్నాడు. వేళ్ళతో రెండు చూపించాడు, మూడు చూపించాడు, బయటికి చూపించాడు. ఆవిడ వింటోంది. తల అడ్డంగా ఊపింది. సోమరాజు గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు. అనుకున్నది అనుకున్నట్టు జరుగుతోంది. తర్వాత ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. కాగితం ప్లేటులో కేకు ముక్క పెట్టి ఇచ్చింది.

మణికుమార్ ప్లేటు పట్టుకుని బయటికొచ్చాడు.

“ఏమంది?”

“నమ్మలేదండి. రాజు అలాంటివాడు కాదంది.”

“ఇంకా?”

“పోనీలే అందండి. మొదటిసారి ఆ పాట ఎవరికైనా దొరకదంట. వచ్చే శుక్రవారం మళ్ళీ రమ్మంది. మీ పక్కన కూర్చుని నేర్చుకోమంది.”

సోమరాజు అద్దాల తలుపు వైపు చూశాడు. ఆవిడ కింద పడిన అమ్మాయికి బూట్లు విప్పుతోంది.

“రమ్మందా?”

“ఆయ్. రమ్మంది.”

మెయిన్ రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. మణికుమార్ రెండడుగులు వేసి ఆగాడు. “మీరుంటారాండీ, శుక్రవారం?”

“రాజోలు తర్వాత నన్ను మళ్ళీ రమ్మన్నవాడు ఒక్కడు లేడురా,” అన్నాడు సోమరాజు.

మణికుమార్ కేకు ప్లేటు గోడ మీద పెట్టి బస్సు వైపు పరిగెత్తాడు. సోమరాజు లోపలికి వెళ్ళలేదు. మడవాల్సిన కుర్చీలు నూట నలభై అలాగే ఉన్నాయి.