ఉప్పునీటి పేను

మా అమ్మ సాయవ్వను బాన్సువాడలో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండనీ. కొర్రమట్ట చేపలను కుండల్లో పెట్టుకుని బిచ్కుంద సంతదాకా నడిచి, సాయంత్రం వరకు ఒక్కటీ చావకుండా చూసుకున్న మనిషి ఆమె. మా బెస్తవాడ మగవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. ఒప్పుకోవడానికే నోరు రాదు.

మా నాయన పోయిన ఏడాది సంగతి ఇది. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలి అప్పటికి పదేళ్లు. మా వాడకంతా కలిపి ఒక మడుగు ఉండేది. అందులో పిల్లచేపలను పెంచి, వానలు పడ్డాక చెరువుల్లో వదిలేవాళ్లం. మడుగు చెడితే ఆ ఏడు వాడంతా పస్తే. పేరుకు దాన్ని చూసుకునేది మా నాయన, చేతులు మాత్రం అమ్మవి. నాయన పోయాక ఆ మడుగు ఎవరికివ్వాలో మిర్గం నాడు కులపెద్దలు కూర్చుని తేలుస్తామన్నారు. మిర్గమంటే తొలకరి పండుగ, ఇంటింటా చేప వండుకునే రోజు.

"ఆడిది మడుగు గట్టు మీద నిలబడితే చేపలు సుత నవ్వుతయ్," అన్నాడు మా చిన్నాయన పండరి, నలుగురిలో. మడుగు తనకే వస్తుందని ఆయన ధీమా. అమ్మ తరఫున నేనే అన్నాను, నాలుగు మాటలు కాదు, పది. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల నోరు పారేసుకుంటుందని వాడంతా చెవులు కొరుక్కుంది.

ఆ రోజుల్లోనే హరనాథబాబు అమ్మను పిలిపించాడు. బందరు వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న ఆసామి ఆయన. మనిషి మంచివాడే కానీ పిచ్చి ఒకటి ఉంది, సముద్రం పిచ్చి. అక్కడి నుంచి ఉప్పునీళ్లు పీపాల్లో పోయించి, నిజామాబాదు దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద తెప్పించాడు. వాటితోపాటు ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో పట్టించిన ఏడు చేపలు, అరచేయంత వెడల్పు, ఒంటినిండా నల్ల చుక్కలు. వాటికోసం మనిషి పొడుగు అద్దాల తొట్టి చేయించి నడవలో పెట్టాడు. చూడ్డానికి పెద్ద కొడప్‌గల్ నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. తొట్టిని సాకే పని అమ్మకు అప్పజెప్పాడు.

పండరి చిన్నాయన మొహంలో నవ్వు వెలిగింది. "మంచిగైంది. గా ఏడు చేపలను మిర్గం దాకా బతికించుమను. అప్పుడు మడుగు ముచ్చట మాట్లాడుదం," అని పెద్దల దగ్గర అన్నాడు. పెద్దలు సరేనన్నారు. అలా మా అమ్మ బతుకు తెరువు ఒక అద్దాల తొట్టిలో పడింది.

మూడు నెలలు చేపలు నిక్షేపంగా ఉన్నాయి. వైశాఖంలో బాబుగారికి ఇంకో నాలుగు చేపలు వచ్చాయి. "పదిహేను దినాలు ఏరే తొట్టిల ఉంచుండ్రి బాబూ. కొత్త చేప ఒంటి మీద ఏం మోసుకొచ్చిందో ఎవలకెరుక?" అంది అమ్మ. ఆయన వింటేనా! ఆమె అటు ఇంటికి వెళ్లిందో లేదో, ఇటు నాలుగింటినీ తొట్టిలోకి వదిలేసి, చంకలు గుద్దుకుంటూ అందరికీ చూపించుకున్నాడు.

ఎనిమిదో రోజుకు చేపలు అద్దానికి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. మేత ముట్టలేదు. కళ్లమీద మబ్బు కమ్మింది. రెండు చచ్చాయి. ఎంత వెతికినా వాటి ఒంటి మీద ఏమీ కనపడలేదు. కానీ చేప ఒళ్లు రుద్దుకుంటుందంటే పేను పట్టినట్టేనని అమ్మకు తెలుసు. మడుగులో ఎన్నిసార్లు చూడలేదు! మడుగు చేపకు పేను పడితే గంగాళంలో ఉప్పు కలిపి, చేపను అందులో కాసేపు ముంచి తీస్తాం. పేలు రాలిపోతాయి. అమ్మ ఇక్కడా అదే చేసింది. తొట్టి నీళ్లే గంగాళంలోకి తీసి, రెండు దోసిళ్ల ఉప్పు కలిపి, తొమ్మిది చేపలనూ ముంచి తీసింది.

మర్నాటి మధ్యాహ్నానికి మూడు చచ్చాయి.

ఆ వార్త మాకంటే ముందే వాడ చేరింది. పండరి చిన్నాయన గుమ్మం ముందు నిలబడి, "ఏంది వదినె, ఉప్పు చేపకు ఉప్పు తక్కువైందా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బాబుగారింటికి వెళ్లి, "మూడు చేపలు నా ఉప్పుతోనే పోయినయ్ బాబూ. తప్పు నాది," అంది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఇక నువ్వు రావద్దులే సాయవ్వా," అన్నాడు.

అప్పుడే ఇంకో చేప పోయింది, మా కళ్లముందే. అమ్మ దాన్ని తీసుకుని పెరట్లోకి నడిచింది. ఒంటి మీది జిగురు కడిగి చూద్దామని, నల్లటి మూకుడులో మంచినీళ్లు పోసి చేపను అందులో పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. కాసేపటికి చేప ఒంటి మీద తెల్లటి చుక్కలు తేలాయి, అప్పటిదాకా లేనివి. బియ్యపు నూకంత ఉన్నాయి. చూస్తుండగానే ఒక్కొక్కటీ ఊడి మూకుడు అడుగున పడ్డాయి. గాజులాంటి ఆ పేలు, నీళ్లు మారేసరికి తెల్లబడి పట్టు వదిలేశాయి.

అమ్మ వేలితో ఒకదాన్ని కదిపి చూసింది. కదల్లేదు.

"ప్రేమలా, మన పేను మంచినీళ్లల పుట్టింది. దానికి ఉప్పు పడది. గిది ఉప్పుల పుట్టిన పేను. నేను దానికి ఉప్పే పెట్టి సాకిన," అంది. అని తలమీద ఠపీమని కొట్టుకుంది. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మిగిలిన అయిదింటినీ మంచినీళ్లలో ముంచుతానంటే బాబుగారు అంతెత్తున లేచాడు. "మతి పోయిందా? సముద్రపు చేప మంచినీళ్లలో బతుకుతుందా? క్షణంలో చచ్చిపోతుంది!"

గోడవారగా కూర్చుని వత్తులు చేసుకుంటున్న ఆయన తల్లి నాగేంద్రమ్మగారు అప్పుడు నోరు తెరిచింది. "ఒరే, మన ఉప్పుటేట్లోకి వరదొచ్చినప్పుడు ఎర్రటి మంచినీళ్లు రావూ? అప్పుడు ఈ చేపలు ఎక్కడికి పోతాయిరా, మీ అత్తగారింటికా? నువ్వు తొందరపడి చేసిన నిర్వాకం చాల్లే. ఆవిణ్ణి చెయ్యనివ్వు."

అమ్మ కాలువ నీళ్లు తెప్పించి, తొట్టి పక్కనే నీడలో పెట్టించింది. రెండు నీళ్లూ ఒకే చల్లదనానికి వచ్చేదాకా మధ్య మధ్య చెయ్యి ముంచి చూస్తూ కూర్చుంది. తర్వాత మొదటి చేపను మంచినీళ్ల గంగాళంలోకి వదిలింది. అది ఒక్కసారి గిలగిలా కొట్టుకుని పక్కకు వాలిపోయింది. బాబుగారు "చచ్చింది, చచ్చింది!" అంటూ చెయ్యి పెట్టబోయాడు. అమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. అంతటి ఆసామిని! వదల్లేదు కూడా. రెండో చేత్తో చేప మొప్ప మీద వేలు ఆనించి, "ఊపిరి ఆడుతున్నది. ఆగుండ్రి," అంది.

నేను వంద లెక్కపెట్టాను. మళ్లీ వంద. గంగాళం అడుగున నూకలు రాలుతున్నాయి. మూడో వంద అవుతుండగా అమ్మ చేపను తీసి, పీపాల్లో మిగిలిన ఉప్పునీళ్లు పోసిన జాడీలోకి వదిలింది. అది కాసేపు వాలి ఉండి, నిటారుగా లేచి ఈదింది. నాగేంద్రమ్మగారు వత్తులు కిందపడేసి చప్పట్లు కొట్టింది.

అయిదింటికీ అలాగే చేసింది. పేను గుడ్లు గోడలకు అంటుకుని ఉంటాయని, చేపలను జాడీల్లోనే ఉంచి అద్దాల తొట్టిని ఖాళీ చేయించి, సున్నం కొట్టి, వారం రోజులు ఎండబెట్టించింది. ఎందుకైనా మంచిదని ఎనిమిదో రోజున మళ్లీ ముంచింది. ఈసారి రెండు నూకలే రాలాయి. ఒక చేపకు మాత్రం కంటి చూపు తిరిగి రాలేదు. అయిదూ మేత తిన్నాయి.

మిర్గం నాడు పెద్దలు కూర్చున్నారు. పండరి చిన్నాయన లేచి, "పదకొండు చేపలిస్తే ఆరు సంపింది. గీమెకు మడుగిద్దమా?" అన్నాడు. లెక్క తప్పు కాదు.

అమ్మ కొంగు సర్దుకుని నిలబడింది. "ఆరు సచ్చినయ్. రెండు, కొత్త చేపలను కలిపినందుకు. మూడు, నా ఉప్పుకు. ఒకటి, నాకు తెలివి ఆలిసెమైనందుకు. మిగిలిన అయిదు ఎందుకు బతికినయో సుత చెప్త, వింటరా?" అంది. మూకుడు దగ్గర్నుంచి సున్నం దాకా అంతా చెప్పింది. తన తప్పు దగ్గర గొంతు తగ్గించలేదు, గెలుపు దగ్గర పెంచలేదు.

పెద్దాయన వెంకట్రాములు, "మడుగిస్తే పిల్లచేపలు సావయని మాటిస్తవా సాయవ్వా?" అని అడిగాడు.

"ఇయ్య," అంది అమ్మ. "సావయని గంగమ్మ సుత మాటియ్యది. ఎందుకు సచ్చినయో దాచకుంట చెప్తనని మాటిస్త. పోయిన ఏడు మూడు చెర్ల పిల్లలు సచ్చిపోయె. ఎందుకో మీల ఒక్కలన్న చెప్పిండ్రా?"

ఆ మూడు చెరువులూ చూసుకున్నది పండరి చిన్నాయనే. ఆయన తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

వెంకట్రాములు తాత అందరి మొహాలూ చూశాడు. "మడుగు సాయవ్వది," అన్నాడు.

నేను గర్వంతో భోరున ఏడ్చేశాను. అమ్మ నావైపు చూడను కూడా లేదు. వాన మబ్బు ఎటు నుంచి వస్తుందో చూసి, "పండరీ, రేపు పొద్దుగాల గట్టు తెగినకాడ మట్టి వెయ్యాలె. పార పట్టుకొని రా," అంది.

తెల్లారి మేము వెళ్లేసరికి చిన్నాయన పార పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.